ఉద్యోగం చేసుకుంటూ క్రైస్తవుడిగా బతకడం గురించి: జీతాలు, ఇచ్చిన మాట, ప్రసాదం

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నిదానంగా చదివాను. ఖమ్మం నుంచి వచ్చి అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నానని, ఆదివారం ఆరాధనలో ఉన్నంతసేపు మనసు బాగానే ఉంటుందని, సోమవారం ఆఫీసు మెట్లెక్కేసరికి మామూలే అయిపోతోందని రాశారు. మేనేజర్ ఫోన్‌లో అబద్ధం చెప్పమంటాడు, ఆఫీసులో పూజ చేసి ప్రసాదం చేతికిస్తే ఏం చేయాలో తెలియక టెన్షన్, ప్రార్థనకు టైం దొరకదు, ఇలాంటి పరిస్థితిలో విశ్వాసాన్ని రోజూ ఎలా పాటించాలి అని అడిగారు. మామూలుగా అందరూ ఇచ్చే సలహా పొద్దున్నే లేవండి, ఫోన్‌లో బైబిల్ యాప్ పెట్టుకోండి, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్ళండి అని. అవన్నీ మంచివే, నేనూ చేస్తాను. కానీ మీరు రాసింది చదివితే మీకు లోటుగా ఉన్నది ఇంకో మీటింగ్ కాదనిపించింది.

నేను సికింద్రాబాద్ వైపు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పెరిగాను. చిన్న కంపెనీల్లో అకౌంట్స్ చూడటం నా వృత్తి, అందుకే నా జవాబు కూడా బిల్లులు, జీతాల చుట్టూనే తిరుగుతుంది, ఏమీ అనుకోకండి. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే. మన విశ్వాసం ఎంతో తెలిసేది మనకు డబ్బు బాకీ ఉన్నవాళ్ళ దగ్గర కాదు, మనం బాకీ ఉన్నవాళ్ళ దగ్గర, అందులోనూ గట్టిగా అడగలేని వాళ్ళ దగ్గర.

15వ కీర్తన తీసి చదవండి, ఐదే వచనాలు. యెహోవా గుడారంలో ఉండదగినవాడు ఎవడు అని దావీదు అడుగుతాడు, జవాబు కూడా అక్కడే ఉంది. ఆ జవాబులో బలి మాట లేదు, పండుగ మాట లేదు, ఎంతసేపు ప్రార్థించాలన్న మాట లేదు. హృదయపూర్వకంగా నిజం పలికేవాడు, నాలుకతో కొండెములు (చాడీలు) ఆడనివాడు, పొరుగువాడి మీద నింద మోపనివాడు, ప్రమాణం చేశాక నష్టం వచ్చినా మాట తప్పనివాడు, తన డబ్బు వడ్డీకి ఇవ్వనివాడు, లంచం పుచ్చుకోనివాడు. బలుల సంగతి, పండుగల సంగతి ధర్మశాస్త్రంలో ఎంతో వివరంగా రాసి ఉంది, అవి దావీదుకు తెలియక కాదు కదా ఇక్కడ వదిలేసింది. నేను చాలా ఏళ్ళుగా ఈ కీర్తననే పట్టుకుని ఉన్నాను, ఎందుకంటే ఆఫీసులో కూర్చున్నప్పుడు ఇందులో ఏదో ఒక మాట నాకు ఎదురు రాని రోజు ఉండదు.

మీ మేనేజర్ సంగతి ముందు మాట్లాడుకుందాం. "సార్ ఊళ్ళో లేరని చెప్పు", "చెక్కు సంతకానికి వెళ్ళిందని చెప్పు", ఈ మాటలు అకౌంట్స్‌లో పనిచేసే ప్రతివాళ్ళూ వినే ఉంటారు. కానీ ఆ అబద్ధం ఎవరికి చెప్పమంటున్నారో ఒకసారి గమనించండి. పెద్ద కంపెనీకి బాకీ ఉంటే వాళ్ళు నోటీసు పంపుతారు, సప్లై ఆపేస్తారు, అందుకని వాళ్ళకి ఎవరూ అబద్ధం చెప్పరు, ముందు వాళ్ళకే కట్టేస్తారు. అబద్ధం ఎప్పుడూ వాటర్ క్యాన్లు వేసే అతనికి, ఏసీ రిపేర్ చేసి వెళ్ళిన కుర్రాడికి, విజిటింగ్ కార్డులు కొట్టిచ్చిన ప్రింటింగ్ ప్రెస్ ఆయనకి. వాళ్ళు ఆ డబ్బు వస్తుందని చెప్పి ఇంకెవరికో మాట ఇచ్చుకుని ఉంటారు.

నేను చేసేది చెప్తాను. ఫోన్ ఎత్తకముందే ఓనర్ దగ్గరికి వెళ్ళి, "సార్, మీరు లేరని నేను చెప్పలేను, కానీ మీకు ఇబ్బంది లేకుండా నేనే మాట్లాడతాను, ఏ తారీఖు చెప్పమంటారు?" అని అడుగుతాను. ఆయన విసుక్కుంటూనైనా ఒక తారీఖు చెప్తారు. అప్పుడు అవతలివాళ్ళతో "ఈ వారం పేమెంట్ లేదండి, 20వ తారీఖు అన్నారు, నేనే మీకు ఫోన్ చేస్తాను" అంటాను. 20న డబ్బు ఉన్నా లేకపోయినా ఫోన్ మాత్రం చేస్తాను. చాలామంది వదిలేసేది ఈ చివరి ఫోనే, లేదని చెప్పడానికి ఫోన్ చేయడం అంటే ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ మాట తప్పకపోవడం అంటే కొన్నిసార్లు చేతిలో డబ్బు లేనప్పుడు కూడా అనుకున్న వేళకి ముఖం చూపించడమే. మత్తయి 5:37లో ప్రభువు అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలన్నాడు, ఫోన్‌లో కాదు అని చెప్పడం కూడా అందులో భాగమే. ఇలా చేస్తే ప్రమోషన్ వస్తుందని మాత్రం నేను చెప్పను. ఒకచోట దీనివల్లే నన్ను పేమెంట్స్ సీటు నుంచి తీసి ఫైలింగ్‌లో వేశారు. ఇంకోచోట మాత్రం సప్లయర్ల ఫోన్లు తగ్గాయని ఓనరే గమనించి, ఇకనుంచి వాళ్ళతో నువ్వే మాట్లాడు అన్నారు. రెండూ జరుగుతాయి, రెండిటికీ సిద్ధపడే మాట్లాడాలి.

మీరు బిల్లులు చూసే పనిలో ఉంటే మీ మేనేజర్‌కి బైబిల్ వచనం చెప్పనవసరం లేదు, చట్టం చెప్పండి చాలు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన చిన్న యూనిట్‌కి రాతపూర్వకంగా ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే. 2023 ఫైనాన్స్ యాక్ట్‌తో దీనికి ఆదాయపు పన్ను కూడా ముడిపెట్టారు, గడువు దాటిన బిల్లును నిజంగా కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి తప్ప ముందే చూపించుకోవడానికి వీల్లేదు. ఈ మాట చెప్తే ఎంత గట్టి ఓనరైనా ఆలోచిస్తాడు. ఇక రోజుకూలీ విషయంలో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఇంకా కచ్చితంగా ఉంది, ఏ రోజు కూలి ఆ రోజే, పొద్దు గుంకకముందే ఇవ్వాలి, ఎందుకంటే అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అని కారణం కూడా రాసి ఉంది. మా ఇంటికి ప్లంబర్ వచ్చినా, అడ్డా మీద నుంచి కూలీని తెచ్చుకున్నా, పని అయిపోయేసరికి డబ్బు చేతిలో రెడీగా ఉండాలని మా ఆయన, నేను అనుకున్నాం. చిల్లర లేదు, రేపు రా అనే మాట మా ఇంట్లో వినపడకూడదని.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన విషయం పీఎఫ్, అంటే జీతంలోంచి కోసి ఉద్యోగి పేరిట జమ చేసే భవిష్య నిధి. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక హౌస్‌కీపింగ్ ఏజెన్సీలో (పేరు రాయను) జీతం స్లిప్పుల్లో అంతా సవ్యంగా ఉండేది, బేసిక్ మీద 12 శాతం పీఎఫ్ కోత, ఈఎస్‌ఐ (వైద్య బీమా) కోత, కింద నికరం. ఒకరోజు సాయంత్రం యూనిఫాం మీదే ఒక అమ్మ వచ్చింది. పాలిథిన్ కవర్లో మడిచి దాచుకున్న స్లిప్పులు తీసి నా టేబుల్ మీద పేర్చింది, చదువు రాదు, కానీ కోత ఉన్న గడి మాత్రం వేలితో చూపించింది. తర్వాత ఫోన్ తీసింది. పీఎఫ్ ఆఫీసు నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది కదా, పక్కింటి అబ్బాయి ఆ మెసేజ్ తెప్పించి చదివిపెట్టాడట, అందులో చివరిసారి జమ అయింది ఎప్పుడో పాత నెలలో. "మేడం, నా జీతంలోంచి పోయింది, అక్కడికి చేరలేదు, మధ్యలో ఎక్కడ ఆగింది?" అని అడిగింది. గొంతు పెంచలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. మధ్యలో ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. కొత్త సైట్‌కి మెషీన్లు కొనడానికి వాడారు.

యాకోబు 5:4లో పొలం కోసినవాళ్ళకి ఇవ్వకుండా మోసంగా బిగపట్టిన కూలి మొర పెడుతోందని ఉంది. ఆ స్లిప్పులు చూస్తుంటే నాకు ఆ వచనమే గుర్తొచ్చింది. ఉద్యోగి వాటాగా కోసింది కంపెనీ డబ్బు కాదు, ఆవిడ డబ్బు, మరుసటి నెల 15లోపు కట్టాల్సింది. నేను అందరి పేర్లతో ఏ నెల ఎంత కోశారో, ఎంత కట్టలేదో ఒక స్టేట్‌మెంట్ చేసి, ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుందని, జరిమానా వేరే అని కింద రాసి ఓనర్ టేబుల్ మీద పెట్టాను. ప్రతి నెలా చలానా కట్టే వారంలో అదే కాగితం మళ్ళీ పెట్టేదాన్ని. కొంత కట్టారు. ఆవిడ ఉన్న సైట్ వాళ్ళది మొత్తం కట్టారు. మిగతావాళ్ళది ఎప్పటికప్పుడు వచ్చే నెల అన్నారు, ఆ వచ్చే నెల రావట్లేదని అర్థమయ్యాక, కోసి కట్టని స్లిప్పులు నా చేత్తో తయారు చేయలేనని చెప్పి మానేశాను. వెళ్ళేముందు అందరికీ వాళ్ళ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్లు కాగితం మీద రాసిచ్చి, బ్యాలెన్స్ ఎలా చూసుకోవాలో, ఫిర్యాదు ఎలా పెట్టాలో చెప్పాను. ఇంట్లో ఆ నెలలు కష్టంగానే గడిచాయి, అది దాచనక్కరలేదు. మా సంఘంలో ఒక పెద్దాయన అప్పుడు నాతో, మెషీన్లు కొన్న ఆ ఓనర్ కూడా సండే సర్వీసుకి ముందు వరసలో కూర్చునే మనిషేనమ్మా అన్నారు. నాకు చాలా బాధేసింది ఆ మాటకి.

ఎందుకంటే మన సంఘాల్లో సగం కుటుంబాలు కూలి డబ్బుతో పెరిగినవే. మా అమ్మమ్మ వాళ్ళది మెదక్ పక్క పల్లె. మెదక్ చర్చి అంటే అందరూ ఎత్తు గురించి, రంగుటద్దాల కిటికీల గురించి చెప్తారు, మా అమ్మమ్మ మాత్రం కరువు రోజుల్లో పోస్నెట్ అనే మిషనరీ దొర పని చూపించి, పనిచేసినవాళ్ళకి అన్నం పెట్టి కట్టించాడని చెప్పేది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయిన గుడి అది. పని, అన్నం, ఆరాధన వేరువేరు సంగతులని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన మనమే ఈరోజు ఇంకొకరి కూలి బిగపడితే ఎలా?

ఇంటి సంగతికొస్తే, మీరు ఇప్పుడు హాస్టల్లో ఉన్నారు కాబట్టి ఇది తర్వాతకి పనికొస్తుంది. నాలుగో ఆజ్ఞలో విశ్రాంతి మనకి ఒక్కరికే కాదు, నీ దాసుడికి, నీ దాసికి, చివరికి నీ పశువుకి, నీ ఇంట్లో ఉన్న పరదేశికి కూడా అని ఉంది (నిర్గమకాండం 20:10). మన ఇళ్ళల్లో ఆదివారం ఎలా ఉంటుంది? పొద్దున్నే ఆరాధన, మధ్యాహ్నం చుట్టాలు, బిర్యానీ, సాయంత్రం గిన్నెల గుట్ట, ఆ గుట్ట ముందు పనిచేసే ఆవిడ. క్రిస్మస్ రోజైతే మరీను. హాల్లో మనం రక్షకుడు పుట్టాడని పాడుతుంటే వెనక దొడ్లో ఆవిడ డేగిశాలు తోముతూ ఉంటుంది, ఆవిడ పిల్లలు ఇంటిదగ్గర ఉంటారు. మా ఇంట్లో ఆదివారం, క్రిస్మస్, గుడ్ ఫ్రైడే ఆవిడకి సెలవు, జీతం కోత లేదు. బతుకమ్మకి, బోనాలకి ఆవిడ అడగకముందే మేమే అడిగి సెలవు రాసుకుంటాం. ఆదివారం గిన్నెలు మా ఆయన, పిల్లలు తోముతారు. మొదట్లో మా అత్తగారు ఒప్పుకోలేదు, మగపిల్లలచేత గిన్నెలు తోమించడమేంటి అన్నారు, ఇప్పుడు ఆవిడే పిల్లల్ని లేపుతారు.

వడ్డీ గురించి రాయకుండా ఉండలేను. నూటికి మూడు రూపాయల వడ్డీ అని తేలిగ్గా అనేస్తాం, అంటే ఏడాదికి 36 శాతం. ఐదు రూపాయలైతే 60. సంఘంలో అక్కచెల్లెళ్ళు ఒకరికొకరు ఇచ్చుకునే అప్పులు కూడా ఈ లెక్కలోనే నడుస్తున్నాయి, ఆస్పత్రి ఖర్చుకి తీసుకున్నవాళ్ళు వడ్డీ కట్టలేక ఆదివారం ముఖం చూపించలేక సంఘమే మానేసిన ఇల్లు నాకు తెలుసు. నెహెమ్యా 5వ అధ్యాయంలో నూటికి ఒకటి చొప్పున తీసుకున్నదాన్ని కూడా తిరిగి ఇచ్చేయమని పెద్దలతో అందరి ముందూ ప్రమాణం చేయించాడు. వ్యాపారానికి పెట్టుబడి అడిగితే అది వేరు, దానికి బ్యాంకు ఉంది. బీదవాడు అవసరానికి అడిగితే, తిరిగి రాకపోయినా తట్టుకోగలిగినంత ఇవ్వండి, వడ్డీ లేకుండా ఇవ్వండి, అంతకు మించి లేదని నెమ్మదిగా చెప్పండి.

కొండెములు కూడా అంతే. ప్రార్థన గ్రూపుల్లో "ఫలానా సిస్టర్ వాళ్ళమ్మాయి గురించి ప్రార్థించండి, ఇంట్లోంచి వెళ్ళిపోయిందట" అని మెసేజ్ వస్తుంది, రాత్రికల్లా ఆ పిల్ల సంగతి సంఘమంతా తెలుస్తుంది. ఎవరి గురించైనా ప్రార్థన అడిగేముందు వాళ్ళని అడగాలి. వాళ్ళు వద్దంటే నేనొక్కదాన్నే ప్రార్థించుకుంటాను.

ప్రసాదం విషయం. దీని మీద మన సంఘాల్లో కూడా అందరిదీ ఒకే మాట కాదు కానీ ఎక్కువమంది తీసుకోరు. పౌలు కొరింథువాళ్ళకి రాసింది చదివితే (మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు) చాలా సూక్ష్మంగా విడదీసి చెప్పాడు. అంగట్లో అమ్మేది ఏదైనా ఆరా తీయకుండా తినండి, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్ళండి, పెట్టింది తినండి, కానీ ఇది బలి అర్పించింది అని ఎవరైనా చెప్తే అప్పుడు తినకండి, అదీ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. ప్రసాదం ఇచ్చేటప్పుడు ప్రసాదం అని చెప్పే ఇస్తారు, అందుకే నేను తీసుకోను. అయితే పదిమంది ముందు చేయి అడ్డం పెట్టి, మేము ఇవి తినం అనడం నాకు ఏమాత్రం నచ్చదు, వాళ్ళు ప్రేమతో ఇచ్చేదాన్ని అసహ్యించుకున్నట్టు ఉంటుంది. కొత్త ఆఫీసులో చేరినప్పుడు పూజ చేసే ఆవిడతో విడిగా, పండుగకి ముందే చెప్పాను, "అక్కా, నేను ప్రసాదం తీసుకోను, మా విశ్వాసం అది, మీ మీద గౌరవం లేక కాదు, పూజ రోజు ఆఫీసు సర్దడానికి, పువ్వులు తేవడానికి నేను ముందే వస్తాను" అని. ఆయుధపూజ రోజు ఆవిడ ఏం చేసిందో తెలుసా, పళ్ళు పూజకు పెట్టకముందే అరడజను అరటిపళ్ళు విడిగా తీసి కాగితంలో చుట్టి నా డ్రాయర్లో పెట్టింది. ఇది నీకే, దేవుడి దగ్గర పెట్టలేదు అని. ఇప్పటికీ ప్రతి ఏడూ పెడుతుంది. మనం ఎంత నిజాయితీగా చెప్తే అవతలివాళ్ళు అంత పెద్ద మనసు చూపిస్తారు, చాలావరకు.

మనం కూడా అలాగే చూడాలి కదా. డిసెంబర్‌లో మా ఆఫీసులో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళ ముందు గుడ్డు వేసిన కేక్ పెట్టి తినండి తినండి అంటే ఎలా ఉంటుంది? వాళ్ళకి ఖర్జూరాలు, జీడిపప్పు విడిగా సీల్ ఉన్న ప్యాకెట్టే తెస్తాను, మా వంటింటి గిన్నెలు తగలకుండా. మాంసం తినని మిగతావాళ్ళకి ఎగ్‌లెస్ కేక్. తినేవాళ్ళని తిననివాడు, తిననివాళ్ళని తినేవాడు తక్కువ చేయకూడదన్న రోమా 14 ఆఫీసు ప్యాంట్రీలో చక్కగా సరిపోతుంది.

ఇక ప్రార్థనకు టైం లేదన్నారు. నేను మెట్టుగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగుతాను, కూర్చోడానికి సీటు దొరకదు, కళ్ళు మూసుకోను కూడా. ఆ రోజు ఎవరెవరికి డబ్బు వెళ్ళాలో, ఎవరితో కష్టమైన మాట మాట్లాడాలో ఆ పేర్లు ఒక్కొక్కటి తలుచుకుని ప్రభువు ముందు పెడతాను, అంతే. పేరు పెట్టి ప్రార్థించిన మనిషికి పది గంటలకి ఫోన్‌లో అబద్ధం చెప్పడానికి నోరు రాదు. మీరు ఆఫీసు దగ్గరలోనే ఉంటే నడిచి వెళ్ళే దారి చాలు. మీ ఫ్లోర్ ఊడ్చేవాళ్ళు, సెక్యూరిటీ, హాస్టల్లో పొద్దున టిఫిన్ పెట్టేవాళ్ళు, మీ మేనేజర్ కూడా, ఈ పేర్లతో మొదలుపెట్టండి. పేర్లు తెలియకపోతే రేపు అడిగి తెలుసుకోండి.